డీజిల్లో నీళ్లు, చేతిలో పానా

పోయిన వానాకాలం సెలవులకు హాలియా వెళ్లాను. మా నానమ్మకు మిర్యాలగూడలో కంటి ఆపరేషన్. పొద్దున ఎనిమిదింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి. నాన్న, నేను, నానమ్మ మా పాత డీజిల్ కారులో బయలుదేరాం. నిడమనూరు దాటాక, ఎంత తొక్కినా బండి లాగడం మానేసింది. నాలుగు దగ్గులు దగ్గి రోడ్డు పక్కన ఆగిపోయింది. మీటర్ల పక్కన నీటి చుక్కల బొమ్మతో ఒక పసుపు లైటు వెలుగుతోంది. నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఆ లైటు దేనిదో మాత్రం తెలియదు.

ఆటో మాట్లాడుకుని చేరేసరికి ఆలస్యమైంది, ఆపరేషన్ వారం వాయిదా పడింది. నానమ్మ కోప్పడలేదు. "బండి గూడ ముసల్దైంది బిడ్డా, దానిక్కూడ కండ్లు కనబడ్తలేవేమో" అంది. నాకే తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ట్రాక్టర్‌తో బండిని ఇంటికి లాక్కొచ్చాం. నేనే బాగుచేస్తానని ఫోన్లో వీడియో పెట్టుకుని, రేకుల షెడ్డులో బానెట్ ఎత్తి పానా పట్టాను. అప్పుడే మా మేనమామ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్లు నడిపే మనిషి. బండి వైపు చూడనే లేదు. పది అడుగుల దూరంలో స్నానానికి నీళ్లు కాగుతున్న కట్టెల పొయ్యి వైపు చూశాడు. "అల్లుడా, ముందుగాల ఆ అగ్గి ఆర్పు" అన్నాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కింద మచ్చ చూపించాడు. కుర్రప్పుడు మూసిన గదిలో, పక్కన స్టవ్ వెలుగుతుండగా, పెట్రోల్‌తో మోటార్ సైకిల్ కార్బురేటర్ కడిగాడట. పెట్రోల్ స్టవ్ మీద పడలేదు. దాని ఆవిరి వెళ్లి అంటుకుంది.

పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. నేల మీద పాకుతూ వెళ్లి పల్లంలో నిలుస్తుంది. సున్నా కంటే నలభై డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకోగలదు. డీజిల్ అంత త్వరగా అంటుకోదు. కానీ వేడి సైలెన్సర్ పైపు మీద తుంపరగా పడితే అదీ ఊరుకోదు.

అసలు ఏం జరిగింది?

లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు, లీటరు నీళ్లు కిలో. అందుకే నీళ్లు కలిస్తే అడుగుకు దిగుతాయి. డీజిల్ ఫిల్టర్ ధూళిని ఆపడమే కాదు, ఆ నీటిని కూడా తన అడుగున పట్టి ఉంచుతుంది. అది నిండితే లైటు వెలుగుతుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో డీజిల్ పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజెక్టర్ రంధ్రాలు వెంట్రుక మందంలో ఉంటాయి. అక్కడికి నీళ్లు, ఇసుక చేరితే ఖర్చు ఫిల్టర్‌తో ఆగదు.

ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టాం. కింద రెండు వేళ్ల ఎత్తున మట్టి నీళ్లు! తప్పు బంకుది కాదు, మాదే. ముందు రోజు నాన్న ట్రాక్టర్ కోసం దాచిన డ్రమ్ములోంచి ఐదు లీటర్లు కారులో పోశాడు. ఆ డ్రమ్ము మూత సరిగ్గా లేదు, వారమంతా వాన. మాలాంటి కాలువ కింది ఊళ్లలో చాలా ఇళ్లలో అలాంటి డ్రమ్ము ఉంటుంది. కాబట్టి ముందు ట్యాంకులో డీజిల్ దింపేశాం. లేకపోతే కొత్త ఫిల్టర్ కూడా రెండు రోజుల్లో నిండేది.

మార్చే పద్ధతి (డీజిల్ బండి)

1. బండిని ఆరుబయట సమనేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం తీసేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. కొన్ని గంటలు ఆగితే పోయేదేం లేదు.

2. చుట్టుపక్కల పొయ్యి, బీడీ, దోమల చుట్ట ఏదీ ఉండొద్దు. పొడి రకం మంటలార్పే సిలిండర్, బకెట్ ఇసుక దగ్గర పెట్టుకోండి. నూనె మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పరుచుకుంటుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి.

3. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. డీజిల్ మూత ఒకసారి తెరిచి మూయండి.

4. ఫిల్టర్ పైన దుమ్ము ముందే తుడవండి, విప్పాక తుడిస్తే అది లోపలికే పోతుంది. పైపులు ఎలా ఉన్నాయో ఫొటో తీసుకోండి. విప్పిన పైపుల మూతులకు శుభ్రమైన కవర్ చుట్టండి.

5. కింద ట్రే పెట్టి, డీజిల్ దింపి, నీటి సెన్సర్ వైరు, పైపులు విప్పండి. క్లిప్పులు నొక్కితే వస్తాయి, స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు.

6. పాత రబ్బరు రింగు లోపలే అతుక్కుపోయిందేమో చూడండి. రెండు రింగులు పడితే కారడం ఖాయం. కొత్త రింగుకు కాస్త డీజిల్ రాసి, బాణం గుర్తు చూసి కొత్త ఫిల్టర్ బిగించండి.

7. బ్యాటరీ కలిపి, గాలి తీయండి. ట్రాక్టర్ రైతులందరికీ తెలిసిన "ఎయిర్ తీయడం" ఇదే. చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. కరెంటు పంపు ఉంటే స్టార్ట్ చేయకుండా తాళం నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేయండి. ఆ తర్వాతే స్టార్ట్. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు.

8. ఐదు నిమిషాలు నడిపి కారుతోందేమో చూడండి. చేత్తో తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

ఈ చివరి మాట మళ్లీ చెప్తున్నా. ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప పైపుల జోలికి మనం వెళ్లొద్దు. సన్నటి బీటలోంచి వచ్చే డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి గుండుసూది గుచ్చినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఆస్పత్రికి పోవాల్సిందే. ఆలస్యమైతే వేలు, చెయ్యి కూడా పోవచ్చు.

పెట్రోల్ బండి అయితే?

ఇప్పటి చాలా పెట్రోల్ కార్లలో ఫిల్టర్ ట్యాంకులోనే పంపుతో కలిసి ఉంటుంది. అది ఇంటి పని కాదు, మెకానిక్‌కి వదిలేయండి. పాత బండ్లలో పైపు మధ్యలో ఉంటుంది. అక్కడ ఇంజిన్ ఆపినా మూడు నాలుగు బార్ల పీడనం నిలిచి ఉంటుంది. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, తర్వాత బ్యాటరీ విప్పి, అప్పుడు పైపు ముట్టుకోవాలి. బండి కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, గట్టి స్టాండ్లు ఉండాలి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలనేది బండి పుస్తకంలో ఉంటుంది. దుమ్ము దారుల్లో తిరిగే బండికి అంతకంటే ముందే మార్చడం మంచిది. తీసిన డీజిల్‌ను మోరీలోనో కాలువలోనో పారబోయకండి. ఆ కాలువ నీళ్లే మన పొలానికి వస్తాయి. పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

మాకు మొత్తం రెండు గంటలు పట్టింది. అందులో గంట సర్దుకోవడానికే. మరుసటి వారం అదే బండిలో నానమ్మను తీసుకెళ్లాం. నిడమనూరు దాటుతుంటే నా చూపంతా ఆ పసుపు లైటు మీదే. వెలగలేదు. కట్టు విప్పాక నానమ్మ చేసిన మొదటి పని నా చేతులు దగ్గరికి లాక్కుని చూడటం. "గోర్లల్ల ఇంక డీజిల్ పోలే" అంది.

ఇంతకీ మా డ్రమ్ముకు ఇప్పుడు కొత్త మూత ఉంది.