విశాఖపట్నంలో వాయునాణ్యతపై ఋతువుల ప్రభావం

విశాఖపట్నం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలో బంగాళాఖాతం తీరాన ఉన్న ఓడరేవు నగరం, ముఖ్య పారిశ్రామిక కేంద్రం. ఇక్కడి పరిశ్రమలు, ఓడరేవు, వాహనాలు సంవత్సరం పొడుగునా పనిచేస్తూనే ఉంటాయి. అయినను వర్షాకాలంలో గాలి తేటగాను, శీతాకాలంలో కలుషితంగాను ఉంటుంది. వెలువడే పొగ, ధూళి ఎంత అన్నదానితో పాటు వాటిని చెదరగొట్టే గాలి, కడిగివేసే వాన, పైకి పోనీయక అడ్డగించే వాతావరణ పొర కూడా వాయునాణ్యతను నిర్ణయిస్తాయి. సముద్రతీరాన ఉన్నంత మాత్రాన గాలి ఎల్లప్పుడూ శుభ్రంగా ఉంటుందనే అభిప్రాయం ఈ నగరం విషయంలో సరికాదు.

నైసర్గిక స్వరూపం

నగరానికి తూర్పున సముద్రం, దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, పడమట నరవ కొండలు ఉన్నాయి. యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన భాగాన్ని డాల్ఫిన్స్ నోస్ అంటారు. గిన్నె ఆకారంలో ఉన్న ఈ పల్లపు ప్రాంతంలోనే ఓడరేవు (1933), చమురు శుద్ధి కర్మాగారం (1957), ఎరువుల కర్మాగారం (1967) ఏర్పడ్డాయి. వీటి చుట్టూ జనావాసాలు పెరిగాయి. గాలి వేగం తగ్గినపుడు కొండల మధ్య చేరిన పొగ త్వరగా బయటికి పోలేదు.

కొలిచే విధానం

గాలిలో తేలియాడే కణాలలో 10 మైక్రాన్లు, అంతకంటె తక్కువ వ్యాసం గలవాటిని పీఎం 10 అని, 2.5 మైక్రాన్లు, అంతకంటె తక్కువ వ్యాసం గలవాటిని పీఎం 2.5 అని అంటారు. రెండవ రకం కణాలు ఊపిరితిత్తుల లోతులకు చేరగలవు కనుక మరింత హానికరం. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక ఘనపు మీటరు గాలిలో పీఎం 10 వార్షిక సగటు 60 మైక్రోగ్రాములను, పీఎం 2.5 వార్షిక సగటు 40 మైక్రోగ్రాములను మించరాదు. తీరప్రాంతంలో అలల తుంపరలు ఆరిపోగా మిగిలే ఉప్పు రేణువులు కూడా పీఎం 10లో చేరుతాయి.

ఋతువుల వారీగా మార్పులు

వర్షాకాలం: జూన్ నుండి నైరుతి ఋతుపవనాల వలన వానలు కురుస్తాయి. వాన చినుకులు ధూళిని నేలకు దించుతాయి. తడిసిన నేల నుండి ధూళి లేవదు. అయితే వాన పెద్ద కణాలను తొలగించినంత సులభంగా అతి సూక్ష్మ కణాలను తొలగించలేదు. వానల మధ్య విరామం వచ్చినపుడు రహదారుల మట్టి ఎండి తిరిగి ధూళిగా లేస్తుంది.

శీతాకాలం: సాధారణంగా ఎత్తుకు పోయిన కొలదీ గాలి చల్లబడుతుంది. శీతాకాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడడంతో నేలను ఆనుకొని చల్లని గాలి, దానిపై వెచ్చని గాలి నిలుస్తాయి. దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పైనున్న వెచ్చని పొర గిన్నెపై మూత వలె పనిచేస్తుంది. కొండవాలుల నుండి దిగే చల్లగాలి కూడా పల్లంలో చేరుతుంది. అందువలన రాత్రి నుండి ప్రొద్దెక్కే వరకు పొగ క్రిందనే నిలిచి ఉంటుంది. భోగి మంటల వంటివి ఈ స్థితిలో మరింత భారమౌతాయి.

వేసవి: ఎండకు నేల వేడెక్కి గాలి చాలా ఎత్తు వరకు కలిసిపోతుంది, సముద్రపు గాలి కూడా బలంగా వీస్తుంది. అందువలన పొగ పలుచబడుతుంది. కాని పొడి నేల నుండియు, ఓడరేవులోని బొగ్గు నిల్వల నుండియు బలమైన గాలికి ధూళి లేచే అవకాశం ఉంది. తీవ్రమైన ఎండలో వాహనాల నుండి వెలువడే వాయువులు రసాయనిక చర్యలకు లోనై ఓజోన్ ఏర్పడుతుంది. పడమటి వేడిగాలులు బలంగా ఉన్న రోజులలో సముద్రపు గాలి ఆలస్యంగా మొదలౌతుంది.

సముద్ర, భూ పవనాలు

పగలు సముద్రం నుండి భూమి వైపునకు, రాత్రి భూమి నుండి సముద్రం వైపునకు గాలి వీస్తుంది. రాత్రి సముద్రం మీదికి పోయిన పొగలో కొంత భాగం మరునాడు సముద్రపు గాలితో తిరిగి రావచ్చును. మరొక విశేషం కూడా ఉంది. సముద్రం మీది చల్లని, స్థిరమైన గాలి వేడెక్కిన నేల మీదికి వచ్చినపుడు క్రింది భాగం కలియబడుతుంది. పైభాగం స్థిరంగానే ఉంటుంది. లోపలికి పోయిన కొలదీ కలియబడే పొర మందం పెరుగుతుంది. ఎత్తైన పొగగొట్టం నుండి వెలువడి స్థిరమైన పొరలో సాగే పొగ, ఈ పొరను తాకగానే ఒక్కసారిగా నేలకు దిగుతుంది. అందువలన పొగగొట్టానికి దగ్గరగా ఉన్నవారి కంటె కొంత దూరంలో ఉన్నవారికి ఎక్కువ బాధ కలుగవచ్చును.

లోతట్టు పట్టణాలతో పోలిక

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి లోతట్టు పట్టణాలకు సముద్రపు గాలి అందదు. సముద్రం సమీపంలో లేనందున అక్కడ పగటికి, రాత్రికి ఉష్ణోగ్రతలో తేడా ఎక్కువ. చలికాలపు రాత్రులలో విలోమం బలంగా ఏర్పడుతుంది. తీరప్రాంతంలో ప్రతిదినం గాలి దిశ మారుతుంది కనుక ఏ వేళకు పొగ ఎటు పోవునో తెలిసికొనడం మరింత అవసరం.

ప్రాముఖ్యం

2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్.జి.పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి కనీసం 12 మంది మరణించారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటె సుమారు మూడున్నర రెట్లు బరువైనది. అటువంటి ఆవిరి నేలను అంటిపెట్టుకొని సాగుతుంది. పగటి కంటె రాత్రివేళ గాలి కలియబడడం తక్కువ కనుక పలుచబడడానికి ఎక్కువ సమయం పడుతుంది.

2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో విశాఖపట్నం ఉన్నది. తెలంగాణ నుండి నల్లగొండ కూడా ఇందులో ఉన్నది. బొగ్గు నిల్వలను కప్పి ఉంచడం, నీరు చల్లడం, చెత్త తగులబెట్టకుండుట అన్ని ఋతువులలోనూ అవసరమే. శీతాకాలపు రాత్రులలోను, ఉదయం వేళలలోను వీటి అవసరం అధికం. ఉబ్బసం, హృద్రోగం గలవారు ఆ కాలంలో నడకను ప్రొద్దెక్కి మంచు విడిన తరువాత చేయడం మేలు. ఒక పరిశ్రమకు స్థలాన్ని నిర్ణయించేటపుడు వార్షిక సగటుతో సరిపెట్టక, ప్రతి ఋతువులోను, పగలు, రాత్రి గాలి వీచే దిశను విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.