కడుపు పోతే ప్రశ్నలు ఎవరికి?

పావగడ ఉన్నది కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో. చుట్టూ మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం. ఇళ్లలో మాట తెలుగు, ఆఫీసు కాగితం కన్నడం. ఇక్కడ ఏ ఇంటి కోడలికైనా మూడో నెలలో కడుపు పోయిందంటే, పలకరించడానికి వచ్చినవాళ్లు ప్రశ్నలు మొదలుపెడతారు. "బొప్పాయి తింటివా?" "నీళ్ల బిందె ఎత్తితివా?" "గ్రహణం పూట బయటికి పోతివా?" అన్నీ ఆమెకే. ఆ ఇంట్లో తాగేది ఏ బోరు నీళ్లు, మగడు మొన్న శెనక్కాయ చేలో కొట్టొచ్చిన మందు ఏది, కడుపులోంచి పోయినదాన్ని పరీక్షకు పంపారా లేదా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

గర్భం వచ్చిందని తెలిశాక పోయేవి నూటికి సుమారు 15. ప్రపంచం మొత్తం మీద ఏటా 2 కోట్ల 30 లక్షల గర్భాలు ఇలా పోతున్నాయని 2021లో 'లాన్సెట్' వైద్యపత్రిక అంచనా వేసింది. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల లెక్క తప్పడం. అది ఎక్కువగా అండం, వీర్యకణం తయారయ్యే, కలిసే దశలోనే జరిగిపోతుంది. ఆ తర్వాత ఆమె బిందె ఎత్తినా ఎత్తకపోయినా ఒకటే. మిగతా కారణాల్లో అదుపులో లేని షుగరు, థైరాయిడ్, గర్భసంచి లోపాలు, ఇన్ఫెక్షన్లు, పొగాకు ఉన్నాయి. విషపదార్థాల వంతు ఉంది. చాలా అరుదుగా క్యాన్సర్ వంతూ ఉంది.

పావగడలో అనుమానం ముందు నీళ్ల మీదికే పోతుంది. వానలు తక్కువ, బోర్లు లోతు. గ్రానైట్ రాతిలో నానిన నీళ్లు ఫ్లోరైడ్‌ను మోసుకొస్తాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, ఏళ్ల తరబడి తాగితే నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఈ జబ్బును మనదేశంలో వైద్యులు తొలిసారి గుర్తించి 1937లో ప్రకటించింది కూడా తెలుగుగడ్డ మీదే, నేటి ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలో. అందుకే పావగడ ఊళ్లలో జనం ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని ఫిల్టర్ నీళ్లకు పోతారు. తుంగభద్ర వెనక జలాల పథకం కోసం తాలూకా ఏళ్ల తరబడి ఎదురుచూసింది కూడా ఈ బాధ వల్లనే.

అయితే ఈ ఫ్లోరైడే కడుపు పోగొడుతుందా, క్యాన్సర్ తెస్తుందా? క్యాన్సర్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం దాన్ని మూడో వర్గంలో పెట్టింది. అంటే తేల్చి చెప్పేందుకు ఆధారాలు చాలవని. గర్భస్రావానికి నేరుగా ముడిపెట్టే గట్టి రుజువు కూడా లేదు. కానీ పక్కదారి ఒకటుంది. ఫ్లోరైడ్ పేగుల లోపలి పొరను దెబ్బతీస్తే, ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్ర మింగినా ఒంటికి పట్టదు. డాక్టర్ ఏ.కె. సుశీల బృందం ఢిల్లీలో గర్భిణులకు నీళ్లు, ఆహారం మార్పించి ఫ్లోరైడ్ తగ్గిస్తే, రక్తం పెరిగింది, బిడ్డల బరువూ పెరిగింది. ఈ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. తూర్పు కర్ణాటక బోర్లలో యురేనియం కూడా బయటపడింది. అది మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను.

నీళ్లే గర్భాన్నీ, ఒంటినీ రెండింటినీ తినేసిన చోటు వేరే ఉంది. పశ్చిమ బెంగాల్ ఊళ్లలో ఆర్సెనిక్ కలిసిన బోరునీళ్లు తాగిన తల్లుల మీద 2006లో ఒక అధ్యయనం వచ్చింది. లీటరుకు 200 మైక్రోగ్రాములు, ఆపైన ఉన్న నీళ్లు తాగినవాళ్లలో చనిపోయిన బిడ్డ పుట్టే ప్రమాదం ఆరు రెట్లు కనిపించింది. అదే ఆర్సెనిక్ చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి క్యాన్సర్ తెస్తుందన్నది రుజువైన మాట.

గాలి సంగతికి భోపాల్ ఉంది. 1984 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకైనప్పుడు కడుపుతో ఉన్నవాళ్లలో నూటికి 24 మందికి గర్భస్రావమైంది. గ్యాస్ సోకని పేటల్లో ఆ లెక్క ఆరు లోపే.

ఇక పొలం. పత్తిచేలల్లో పురుగుమందు కొట్టే మగవాళ్ల కుటుంబాలను మన జన్యుశాస్త్రవేత్తలు పరిశీలించి 1991లో ఫలితాలు ప్రకటించారు. మందు కొట్టింది భర్తలు. గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు ఎక్కువగా కనిపించింది వాళ్ల భార్యల్లో. విషం వీర్యకణాన్ని తాకొచ్చు, ఇంటికీ రావొచ్చు. వీపు మీది ట్యాంకు కారి తడిసిన చొక్కాను సాయంత్రం బండమీద ఉతికేది ఎవరు? ఆ చేతులకు గ్లౌజులు ఉండవు. ఖాళీ డబ్బా కడిగి ఇంట్లో వాడుకునే అలవాటు కూడా ఇంకా పోలేదు.

మందు అంటే పొలానిదే కాదు. కడుపు నిలవడానికని డాక్టర్లే రాసిన డీఈఎస్ అనే కృత్రిమ హార్మోను కథ మరీ విచిత్రం. అమెరికాలో 1940ల నుంచి లక్షలమంది గర్భిణులు దాన్ని మింగారు. అది గర్భస్రావాన్ని ఆపదని 1953లోనే ఒక పరీక్షలో తేలింది, అయినా వాడకం ఆగలేదు. 1971లో బోస్టన్‌లో ఆర్థర్ హెర్బ్‌స్ట్ అనే వైద్యుడు, పడుచు పిల్లల్లో అరుదైన యోనిక్యాన్సర్‌కు మూలం వాళ్ల తల్లులు ఆనాడు మింగిన ఆ మాత్రేనని చూపించాడు. ఆ మందు తగిలిన ఆడపిల్లలు పెద్దయ్యాక వాళ్లకూ గర్భస్రావాలు ఎక్కువే అయ్యాయి.

గర్భానికీ క్యాన్సర్‌కూ నేరుగా ఉన్న ప్రధానమైన ముడి ముత్యాల గర్భం. తల్లి క్రోమోజోములు లేని అండంలోకి వీర్యకణం చేరితే బిడ్డ తయారుకాదు, మాయ మాత్రం విపరీతంగా పెరుగుతుంది. వాంతులు మితిమీరుతాయి, కడుపు నెలలకు మించి కనిపిస్తుంది, రక్తం పోతుంది. పడిపోయేటప్పుడు ఉడికిన సగ్గుబియ్యం గుత్తుల్లాంటి నీటిబుడగలు వస్తాయి. ఊళ్లో దాన్ని చూసి దిష్టి అనో, చేతబడి అనో అనుకున్న రోజులున్నాయి. గర్భసంచి శుభ్రం చేయించాక కూడా నూటికి 15, 20 మందిలో ఆ కణాలు లోపలే మిగిలి పెరుగుతాయి. కొందరిలో అది కోరియోకార్సినోమా అనే క్యాన్సరై ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతుంది. అరుదుగా మామూలు గర్భస్రావం తర్వాతా, మామూలు కాన్పు తర్వాతా ఇది రావొచ్చు.

ఒకప్పుడు ఇలా పాకిందంటే బతకడం కష్టం. దాన్ని మార్చిన మందు వెనక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలు నడిపారు. కణం పెరగడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని అడ్డుకునే మందులనూ ఆ ప్రయోగశాలే తయారుచేసింది. అందులో మెథోట్రెక్సేట్ ఒకటి. 1948లో ఆయన కన్నుమూశారు. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ ఆ మెథోట్రెక్సేట్‌తోనే పాకిపోయిన కోరియోకార్సినోమాను నయం చేశారు. కణితి మాయమైనా, ఆ కణాలు విడుదల చేసే హెచ్‌సీజీ హార్మోను సున్నాకు దిగేదాకా లీ మందు ఆపలేదు. ఆ పట్టుదల పైవాళ్లకు నచ్చక ఆయన ఉద్యోగం పోయింది. ముందే మందు ఆపిన రోగులకు జబ్బు తిరగబెట్టడంతో లీ చేసిందే సరైనదని తర్వాత తేలింది. పావగడ గర్భిణి మింగే ఫోలిక్ యాసిడ్ మాత్ర, బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ క్యాన్సర్‌కు ఎక్కించే మందు ఒకే పరిశోధన కొమ్మలు.

ఒక అపోహనూ ఇక్కడే తీసేయాలి. అబార్షన్ అయితే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న మాటలో నిజం లేదు. 16 దేశాల్లో 83,000 మంది రోగుల వివరాలను మళ్లీ లెక్కగట్టి 2004లో శాస్త్రవేత్తలు ఆ సంగతి తేల్చారు.

కాబట్టి కడుపు పోయినప్పుడు ఆస్పత్రికి చేరాల్సిన సమాచారం వేరు. తీసిన ముక్కను ల్యాబుకు పంపమని అడగాలి. బోరు నీళ్లయితే ఆ సంగతి, మగడు కొట్టిన మందు పేరు, డబ్బా మీది చీటీతో సహా డాక్టరుకు చెప్పాలి. గర్భిణులకు ఇచ్చే తాయి కార్డులో రాయించుకుంటే మరీ మంచిది. గర్భం నాటికి మందు కొట్టే పని వేరేవాళ్లకు అప్పగించడం, తడిసిన బట్టలను కొట్టినవాడే ఉతుక్కోవడం ఖర్చులేని జాగ్రత్తలు. ముత్యాల గర్భమని రిపోర్టు వస్తే హెచ్‌సీజీ మామూలు స్థాయికి దిగేదాకా వారం వారం, ఆ తర్వాత నెల నెలా రక్తపరీక్ష చేయించాలి. డాక్టరు సరేననేదాకా మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి. రక్తం పోవడం ఆగిందని చాలామంది మధ్యలోనే మానేస్తారు. అసలు ప్రమాదం అక్కడే. పరీక్షలు పూర్తిచేసినవాళ్లకు తర్వాతి కాన్పు గురించి అత్తింటివాళ్లు భయపడాల్సిందేమీ లేదు. మళ్లీ ముత్యాల గర్భం వచ్చే అవకాశం నూటికి ఒకటో రెండో మాత్రమే.