గేరు కారుకు బటన్ స్టార్టా? ముందు క్లచ్ సంగతి చూడండి

బళ్లారిలోనైనా సోలాపూర్‌లోనైనా ఏప్రిల్ ఎండలో బడి బయట గంటసేపు నిలబెట్టిన కారులో కూర్చోవడమంటే పెనం మీద కూర్చున్నట్టే. బడి వదిలే వేళకు దూరం నుంచే రిమోట్ నొక్కి ఏసీ నడిపిస్తే పిల్లలు చల్లగా ఎక్కుతారు కదా అనిపించడం సహజం. తాళంచెవితో నడిచే పాత కార్లకు కూడా బటన్, రిమోట్ బిగించే కిట్లు యాక్సెసరీస్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. మీది చేత్తో గేరు మార్చే కారైతే మాత్రం డబ్బు కట్టేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

కారుకు తెలియదు, కాలికి తెలుసు

ఇంజనును మొదట తిప్పేది స్టార్టర్ మోటారు. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు ఎక్కువ కార్లకు ముందు నిలబడి చేత్తో హ్యాండిల్ తిప్పేవారు. ఈ మోటారు చూడ్డానికి చిన్నదే అయినా బ్యాటరీ నుంచి వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. గేరు పడి ఉండగా, క్లచ్ తొక్కకుండా దీన్ని తిప్పితే ఇంజనుతో పాటు చక్రాలూ తిరుగుతాయి. కారు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. రివర్స్ గేరులో ఉంటే వెనక్కి వస్తుంది.

ఆటోమేటిక్ కారులో లివరు పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో లేకపోతే స్టార్టర్ పనిచేయదు. చాలా గేరు కార్లలో అలాంటి కాపలా లేదు. గేరు ఎక్కడుందో డ్రైవరు చేతికీ కాలికీ మాత్రమే తెలుసు. అందుకే కంపెనీయే బటన్ పెట్టి ఇచ్చే గేరు కార్లలో క్లచ్ పెడల్ దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కితేనే బటన్‌కు ఇంజను లేస్తుంది.

వాలులో కారు ఆపితే గేరు వేసి దిగాలని డ్రైవింగ్ నేర్పినవారు మనకు చెప్పారు. అది మంచి అలవాటే. కానీ క్లచ్ తొక్కే మనిషి లేకుండా స్టార్ట్ చేసే రిమోట్ వచ్చాక, ఆ అలవాటే ప్రమాదం తెచ్చిపెడుతుంది.

మంచి కిట్ ఏం చేస్తుంది?

గేరు కార్ల కోసం తయారైన మంచి రిమోట్ కిట్లలో ఒక పద్ధతి ఉంటుంది. ఇంజను నడుస్తుండగానే డ్రైవరు గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళంచెవి తీస్తాడు. ఇంజను ఆగదు. దిగి తలుపులన్నీ మూసి లాక్ చేశాకే అది ఆగుతుంది. గేరు పడి ఉంటే క్లచ్ మీద నుంచి కాలు తీయగానే ఇంజను ఆగిపోయి ఉండేది. కాబట్టి ఎవరూ లేని కారులో ఇంజను నడిచిందంటే అది న్యూట్రల్‌లో ఉన్నట్టు రుజువు. ఆ తర్వాత ఏ తలుపు తెరిచినా ఆ రుజువు చెల్లదు, రిమోట్ పనిచేయదు.

దీనికీ ఒక లొసుగు ఉంది. లోపల పిల్లవాడిని ఉంచి దిగితే తలుపు తెరవకుండానే వాడు గేరు లివరు కదిలించగలడు. కిటికీ అద్దం దించి ఉంటే బయటి నుంచీ చెయ్యి పెట్టవచ్చు. అప్పుడు కారు దగ్గరున్న రుజువు అబద్ధమవుతుంది.

దుకాణంలో అడగాల్సినవి

కిట్‌తో వచ్చే కాగితం సాధారణంగా ఇంగ్లిషులో ఉంటుంది. దుకాణంలో మాట కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. ఏ భాషలోనైనా సరే, ఇవి అడగండి.

• క్లచ్ స్విచ్ పెడతారా, లేక తీగలు కలిపేసి బైపాస్ చేస్తారా? బైపాస్ అంటే అక్కడితో బేరం ఆపేయండి.

• తలుపులు, డిక్కీ, హ్యాండ్‌బ్రేక్ అన్నిటికీ కనెక్షన్ ఇస్తారా? ఒక్కొక్కటీ తెరిచి మీ ముందే పరీక్షించమనండి.

• తాళంచెవిలోని చిప్ సంగతేమిటి? కొందరు రెండో తాళంచెవి చిప్‌ను డ్యాష్‌బోర్డు కింద దాచేస్తారు. అప్పుడు దొంగను ఆపేందుకు కంపెనీ పెట్టిన రక్షణ పోయినట్టే.

• స్టీరింగ్ లాక్‌ను ఏం చేస్తారు? అది సరిగా విడిపోకపోతే నడుస్తున్న కారులో స్టీరింగ్ బిగుసుకునే ప్రమాదం ఉంది.

• నడుస్తుండగా బటన్‌కు పొరపాటున చెయ్యి తగిలితే ఇంజను ఆగుతుందా? ఆగితే స్టీరింగ్, బ్రేకు రెండూ బరువెక్కుతాయి.

• వైరింగ్ మార్చితే వారంటీ ఏమవుతుందో కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ముందే కనుక్కోండి.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం, 1988లోని 126వ సెక్షన్ దేశమంతటికీ వర్తిస్తుంది. బహిరంగ స్థలంలో ఆగిన వాహనంలో లైసెన్సు ఉన్న మనిషి డ్రైవరు సీటులో ఉండాలి. లేదంటే ఇంజను ఆపి, బ్రేకు వేసి, లేదా వేరే విధంగానైనా బండి దానంతటది కదలకుండా చూడాలి. బడి ముందు రోడ్డు మీద ఎవరూ లేని కారులో ఇంజను నడపడం ఈ నియమానికి సరిపడదు. ఇంటి షెడ్డులో నడిపినా ముప్పే. మూసిన చోట పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు.

తరగతిలో చూపించవచ్చు

ఉపాధ్యాయ మిత్రులు దీన్ని విద్యుత్ పాఠంలో చేయించవచ్చు. ఒక బ్యాటరీ, చిన్న బల్బు, రెండు స్విచ్‌లు శ్రేణిలో కలపండి. ఒక స్విచ్‌కు ‘క్లచ్’ అని, రెండోదానికి ‘బటన్’ అని చీటీ అంటించండి. రెండూ వేస్తేనే బల్బు వెలుగుతుంది. ఇప్పుడు ‘క్లచ్’ స్విచ్ రెండు కొసలనూ ఒక తీగతో కలపండి. బటన్ ఒక్కటి నొక్కినా వెలుగుతుంది. బైపాస్ అంటే ఇదే. ఈ ప్రయోగం చేసిన పిల్లలు ఇంట్లో నాన్ననో, మామయ్యనో ‘మన కారులో ఆ స్విచ్ ఉందా’ అని అడుగుతారు.

ఇక ఎండ సంగతి. ఎక్కేముందు నాలుగు తలుపులూ రెండు నిమిషాలు తెరిచి పెట్టండి. వేడిగాలి చాలావరకు బయటికి పోతుంది. దానికి ఏ కిట్టూ అక్కర్లేదు.