కొయ్యపడవల ప్రదర్శన: చూడవలసిన తీరు

నేడు నేను ముచ్చటింపబూనిన విషయము పడవలు. ఏరు దాటుటకో, చేపలు పట్టుటకో వాడు వస్తువును గూర్చి రేడియోలో చెప్పవలసినదేమున్నదని కొందరికి తోపవచ్చును. కాని కొన్ని దేశములవారు కొయ్యపడవలను చూచుటకై ఉత్సవములే జరుపుచున్నారు. అమెరికాలో పోర్టు టౌన్సెండు అను రేవుపట్టణమున ఏటేట ఇట్టి ఉత్సవము జరుపు ఆచారము 1977లో ఆరంభమైనది. ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమున, హోబార్టు నగరమునందు, 1994లో మొదలైన ఉత్సవము రెండేండ్లకొకమారు జరుపబడునది.

మన తెలుగుదేశపు పడవలను కూడ ఇట్లే ఒక ఇసుకతిన్నెపై వరుసగా నిలిపినచో, చూచువాడు ఏమి గమనింపవలెను? రంగును, పొడవును చూచి మరలిపోరాదు. పడవ రూపము దాని నీటినిబట్టి యేర్పడునని మొదట గుర్తింపవలెను. పిమ్మట దాని భాగములు ఎట్లు కలిసియున్నవో వంగి చూడవలెను. అట్లు చూచినచో మన పడవలు ఐదు తెగలుగా కనబడును: కట్టినవి, కుట్టినవి, తొలిచినవి, అల్లినవి, బిగించినవి.

కట్టినది తెప్ప. మన సముద్రతీరము చాలవరకు తిన్నని ఇసుకతీరము. అలలు ఒడ్డు చేరకమునుపే విరిగి పడును. అట్టిచోట గుల్లగానున్న పడవలో క్షణములో నీరు నిండును. తెప్పకు గుల్లయే లేదు. తేలికకొయ్య దూలములను చెక్కి, ప్రక్కప్రక్కన చేర్చి, త్రాటితో కట్టుదురు. మీదపడిన అల సందులగుండ దిగిపోవును. ఒడ్డు చేరినపిమ్మట కట్లు విప్పి దూలములను ఎండబెట్టుదురు; నీరు పీల్చిన కొయ్య బరువెక్కును గదా! తమిళులు దీనిని కట్టుమరమందురు. ఆ మాటయే ఆంగ్లేయుల నోట కటమరాన్ అయి, నేడు రెండు గుల్లలు జతచేసిన పడవలకు ప్రపంచమంతట పేరైనది.

కుట్టినది రెండవ తెగ. పలకల అంచులలో బెజ్జములు వేసి, కొబ్బరిపీచు త్రాటితో ఒకదానికొకటి కుట్టుదురు. అల కొట్టినపుడును, అడుగు నేల తాకినపుడును బిగువైన పడవ పగులును. కుట్టుపడవ కొంచెము వంగి మరల నిలుచును. ఆంగ్లేయులు మసూలా పడవయని పిలిచినది దీనినే. రేవు కట్టబడకమునుపు చెన్నపట్టణమున ఓడలు దూరమున లంగరు వేసి నిలువగా, మనుష్యులును సరకులును ఈ పడవలమీదనే ఒడ్డు చేరెడివారు. భోజరాజు పేరనున్న యుక్తికల్పతరువను సంస్కృతగ్రంథము, సముద్రమునందలి అయస్కాంతశిలలు లాగివేయునుగాన ఓడపలకలను ఇనుముతో బిగింపరాదని చెప్పుచున్నది. ఆ కారణమును మనము ఒప్పుకొననక్కరలేదు. ఇనుము ఉప్పునీట తుప్పుపట్టును, త్రాడు వంగును. ఆచారమునకు ఈ రెండును చాలిన కారణములు.

తొలిచినది తాటిదోనె. దీనిని చూడవలెనన్న సముద్రము విడిచి కొల్లేటికి రావలెను. అచట లోతు తక్కువ, అల చిన్నది, గడ్డి దట్టము. ముదురుతాటి మ్రాను వెలుపల ఇనుమువలె గట్టిది, నడుమ మెత్తనిది. ఆ మెత్తని భాగమును తొలిచివేసినచో దోనె సిద్ధమగును. ఒంటిదోనె ఒరగును, కావుననే రెండు దోనెలను జతగా కట్టి సంగడి చేయుదురు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునందలి ఒక గ్రీకు నావికగ్రంథము మన తూర్పుతీరమున, దూలములు జతచేసి కట్టిన సంగర అను పెద్ద పడవలు కలవని వ్రాసినది. ఆ పేరునకు మన సంగడితో గల పోలిక తెలుగువాని చెవికి వెంటనే తోచును.

అల్లినది పుట్టి. కృష్ణా తుంగభద్రల ఎగువభాగములలో నదిగర్భమంతయు రాళ్లు. పొడవైన పడవ ఆ రాళ్లకు తగిలి అడ్డముపడును. గుండ్రని పుట్టికి ముందు వెనుకలు లేవు. రాయి తగిలిన తిరిగి తప్పించుకొనును. వెదురుబద్దలతో బుట్టవలె అల్లి, పూర్వము పైన తోలు కప్పెడివారు. సుమారు 1520లో విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఈ పుట్టులు పదునైదు ఇరువదిమందిని మోయునని, అవసరమైన గుఱ్ఱములను ఎద్దులను కూడ దాటించునని వ్రాసెను.

బిగించినది నావ. గోదావరి సముద్రమును కలియుచోట పాయలు వెడల్పు, నీరు నెమ్మది, మోయవలసిన ధాన్యము అధికము. అందుచే అచట పెద్దపొట్టగల నావ పుట్టినది. లోపలి వంపుకొయ్యలపై పలకలను మేకులతో బిగించి, సందులలో దూది దట్టించి, నూనెతో కాచిన గుగ్గిలము పూయుదురు. కాకినాడకు దగ్గరనున్న కోరంగి ఓడలపనికి ప్రసిద్ధి గాంచిన రేవు. 1839 నవంబరునందలి తుపాను ఉప్పెనచే అది మరల కోలుకొనరాని దెబ్బతిన్నది. అయినను బర్మాదేశమున తెలుగువారిని కోరంగీలని పిలుచుటచే ఆ రేవు పేరు సముద్రమునకు ఆవలియొడ్డున నిలిచినది.

ఇట్టి విద్య మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. రెండవ శతాబ్దపు చివర రాజ్యమేలిన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లియందు అభయశాసనము వేయించెను. తుపానుచే ఓడ పగిలి ఒడ్డునబడిన సరకును పూర్వపురాజులు హరించెడివారనియు, తాను న్యాయమైన సుంకము మాత్రమే గైకొందుననియు అందు ప్రకటించెను. ఆ రాజు ఓడవర్తకుని కష్టము నెరిగినవాడు.

ఇపుడు ముఖ్యవిషయమునకు వత్తును. 1980 దశకము మొదలుకొని ఫైబరు పడవలు మన తీరమున వ్యాపించినవి. అవి తేలికయైనవి, పురుగు పట్టనివి, యంత్రము అమర్చుటకు అనువైనవి. వానిని వాడు జాలరిని తప్పుపట్టుట అన్యాయము. సముద్రముపై ప్రాణము పణముగా పెట్టువాడు తనకు మేలైన సాధనమునే కోరును. కాని పనివాని చేతిలోని విద్య అచ్చుపుస్తకములో లేదు. అతడు ముసలియై, కుమారుడు వేరొకపని పట్టినచో ఒక తరములో అంతరించును.

ఆ విద్య విలువను తెలుపు దృష్టాంతము ఇటీవలనే జరిగినది. అజంతా గుహలోని 5వ శతాబ్దపు ఓడచిత్రమును చూచి, అట్టిదానినే కట్టవలెనని మనవారు సంకల్పించిరి. చిత్రములో రూపము కలదు, కొలతలు లేవు. మద్రాసు ఐ.ఐ.టి.లో నమూనాను నీటిలో పరీక్షించిరి. అయినను పలకలను కుట్టుటకు శాస్త్రజ్ఞులు చాలరైరి. కేరళమునందలి కుట్టుపనివారు రావలసివచ్చెను. వారు కుట్టిన ఓడను 2025 మే నెలలో భారత నౌకాదళము కార్వారునందు స్వీకరించి కౌండిన్యయని పేరిడినది. గోడమీద చిత్రము పదునైదువందల ఏండ్లు నిలిచెను. ఈ కొద్దిమంది చేతులలో కుట్టు నిలిచియుండుటచేతనే అది మరల నీటిపై తేలెను.

మన గ్రామములందు తెప్ప కట్టినవారు, దోనె తొలిచినవారు, నావకు గుగ్గిలము పూసినవారు ఇంకను కొందరు కలరు. పెద్దలు వారిని పిలిచి గౌరవింపవలెను. ఏ కొయ్యను ఏ కాలమున నరుకవలెను, ఏ ముడి ఎచట వేయవలెను, ఏ భాగమునకు ఏమి పేరు అని బడిపిల్లలచే వ్రాయింపవలెను. పాడువడిన దోనె యొకటి పాకలో పడియుండిన వంటచెరకు చేయక బడిలో నుంచవలెను. తిరునాళ్లకు వచ్చినవారు చూచునట్లు పాతపడవలను ఒకచోట చేర్చి నిలుపుట పల్లెకు మించిన పని కాదు. ప్రక్కన ఆ పడవ కట్టిన వృద్ధుని కూర్చుండబెట్టిన చాలును. అడిగినవారికి అతడే చెప్పగలడు.