గణపతి నవ్వు – గుంజిళ్ళు

వినాయక చవితి పూజలో పిల్లలకు మిక్కిలి ప్రియమైన ఘట్టమేదని అడిగితే పెద్దలు ఉండ్రాళ్ళ నైవేద్యమని చెబుతారు. అందులో సగమే నిజమున్నది. ఇరవైయొక్క విధాల పత్రి సమర్పణ సాగుతున్నంతసేపూ ఆవలింతలు తీసిన బాలురు గుంజిళ్ళ ఘడియ రాగానే చెంగున లేచి నిలబడతారు. పుస్తకాలకు పసుపు కుంకుమలు అద్ది స్వామి ఎదుట పెట్టి, కుడిచేత ఎడమ చెవిని, ఎడమచేత కుడి చెవిని పట్టుకొని, ఒకటి, రెండు, మూడని లెక్కించుకొంటూ కూర్చుని లేస్తారు. నాలుగవ గుంజీకి చిన్నవాడు లెక్క తప్పుతాడు. ఏడవ దానికి అక్కగారు నవ్వు ఆపుకోలేక పోతుంది. పదవ దానికి మడి కట్టుకొన్న నాన్నమ్మ కూడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొంటుంది. అప్పుడు పెద్దలలో ఎవరో ఒకరు, “దేవుడి దగ్గర నవ్వుతారట్రా! కళ్ళు పోతాయి, చెంపలు వేసుకోండి” అని గద్దిస్తారు. పిల్లలు చెంపలు వేసుకొంటారు. వేసుకొంటూనే మళ్ళీ నవ్వుతారు.

ఆ గద్దింపు న్యాయమైనదేనా అని విచారించవలసిన అగత్యం ఉన్నది.

గుంజిళ్ళను గురించి దక్షిణదేశంలో తాతలు మనుమలకు చెప్పుకొనే కథ ఒకటి కద్దు. వ్రతకథా పుస్తకంలో ఇది కనబడదు. బాలగణపతి ఒకనాడు మేనమామయైన విష్ణుమూర్తి చేతి చక్రాన్ని ఆటవస్తువనుకొని లాక్కొని నోట వేసుకొన్నాడట. పసిబిడ్డ నోటిలోనిది బలవంతాన తీయబోతే లోపలికే పోతుంది గదా! ఈ చిక్కు పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసినదే. చక్రం కాకపోతే అర్ధరూపాయి బిళ్ళ. బెదిరిస్తే ఏడుస్తాడు, బతిమాలితే బిగబట్టుకొంటాడు. మేనమామగారు బాగా ఆలోచించి, నాలుగు చేతులతోను చెవులు పట్టుకొని మేనల్లుని ఎదుట కూర్చుని లేవడం ఆరంభించినాడు. ఆ వింత చూచి బాలుడు పకపక నవ్వినాడు. నోటినుండి చక్రం జారి పడినది. తమిళులు దీనిని తోప్పుకరణం అంటారు. ‘దోర్భిః కర్ణం’, అనగా చేతులతో చెవులు అనే సంస్కృత పదాలనుండి ఆ మాట వచ్చినదని పెద్దలు చెబుతారు.

ఈ కథనుబట్టి చూస్తే గుంజిళ్ళు పుట్టినది పసివాడైన ఒక దేవుణ్ణి నవ్వించడానికి. అటువంటి దానిని తీస్తూ పిల్లలు నవ్వినారని కోపించడం ఏమి సబబు? ఇంతకంటె విచిత్రమైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఇదే గుంజీని మన బడులు ఎరువు తెచ్చుకొని శిక్షగా మార్చినవి. ఎక్కము రానివానికి గుంజిళ్ళు, ఆలస్యంగా వచ్చినవానికి గుంజిళ్ళు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బాలలకు శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. చట్టం మాట అటుంచి, ఉపాధ్యాయ మిత్రులు ఒక్క సంగతి గమనించ ప్రార్థన. తరగతిలో ఒక బాలుడు గుంజిళ్ళు తీస్తూంటే మిగిలినవారు నవ్వుతారు, వాడు తలవంచుకొంటాడు. ఇంటిలో గణపతి ఎదుట గుంజిళ్ళు తీసే బాలుడు తానే నవ్వుతాడు.

ఈ రెండు నవ్వులకు గల తేడా మన ప్రాచీనులకు తెలియనిది కాదు. భరతముని నాట్యశాస్త్రంలో హాస్యాన్ని ఆరు విధాలుగా విభజించినాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండును ఉత్తములవి, చివరి రెండును అధములవి. తగని చోట నవ్విన నవ్వు అపహసితమని ఆయన నిర్ణయం. ప్రతి రసానికి ఒక అధిదేవతను చెప్పుతూ, శృంగారానికి విష్ణువును, హాస్యానికి ప్రమథులను నిలిపినాడు. ప్రమథులు శివుని గణాలు. ఆ గణాలకు నాయకుడు గణపతి. అనగా తెలుగు బాలుడు చవితినాడు నవ్వుతున్నది నవ్వుల దొరగారి కొలువులోనే సుమా!

అయితే చంద్రుని మాటేమిటని విద్యార్థులు అడగవచ్చును. కడుపునిండ కుడుములు ఆరగించి వచ్చి, తల్లిదండ్రులకు మ్రొక్కబోయి వంగలేక అవస్థపడుతున్న వినాయకుని చూచి చంద్రుడు నవ్వినాడనీ, పార్వతి శపించినదనీ కథ చెబుతున్నది గదా. చెబుతున్నది. కాని ఆ నవ్వు ఎటువంటిదో చూడండి. ఒకడు నమస్కరించడానికి కష్టపడుతూంటే వాని శరీరాన్ని చూచి ఇంకొకడు పైనుండి నవ్వినాడు. భరతుడు చెప్పిన అపహసితం ఇదే. లావుగా ఉన్న బాలుని ‘గణపతి’ అనీ, మాట తడబడే బాలుని అనుకరించీ నవ్వే తరగతులు మనమెరుగనివి కావు. చవితి కథలోని శాపం ఆ నవ్వుకు తగిలినది. పసివారి నవ్వుకు దానిని తగిలించడం కథను చదవకపోవడమే.

పైగా ఆ కథను శ్రద్ధగా వినేది కూడ పిల్లలే. పెద్దలు అక్షతలు చేతబట్టుకొని వంటింటివైపు చెవి వేసి ఉంటారు. నాకు తెలిసిన ఒక ఇంట శమంతకోపాఖ్యానం చదువుతున్నారు. పాలు పిదుకుతూ పాత్రలో చంద్రబింబాన్ని చూచిన శ్రీకృష్ణునికి మణిని అపహరించినాడన్న నింద వచ్చినదనే ఘట్టం రాగానే ఒక ఎనిమిదేండ్ల బాలుడు, “చిన్నప్పుడు ఊళ్ళో వెన్నంతా దొంగిలించాడుగా తాతయ్యా! జనం నమ్మకేం చేస్తారు?” అన్నాడు. తాతగారు పుస్తకం మూసి కన్నీరు వచ్చేదాక నవ్వినారు.

వెన్నదొంగ ప్రసక్తి వచ్చినది గనుక బమ్మెర పోతన తెనిగించిన భాగవతంలోని దశమస్కంధాన్ని తలచుకోక తప్పదు. గోపికలు వచ్చి యశోదకు చేసే ఫిర్యాదులను భక్తికి ప్రమాణంగా చదివి వినిపించేవారు ఎందరో ఉన్నారు. అది ఇరుగుపొరుగు అమ్మల ఫిర్యాదు అన్న సంగతి జ్ఞాపకముంచుకొని చదివేవారు తక్కువ. రోటికి కట్టిన ఘట్టం చూడండి. తల్లి త్రాడు తెచ్చి పిల్లవాని నడుమున చుట్టబోతే రెండంగుళాలు చాలదు. ఇంకొక త్రాడు ముడివేసినది. మళ్ళీ రెండంగుళాలే తక్కువ. ఇంట ఉన్న త్రాళ్ళన్నీ అయిపోయినవి. తల్లి అలసిపోవడం చూచి బిడ్డ చివరకు తానే కట్టుబడినాడు. ఉదరాన దామము గలవాడు గనుక దామోదరుడైనాడు. (ఈ అంగుళం బడిపిల్లల స్కేలు మీది అంగుళం కాదు, వ్రేలి వెడల్పు. అటువంటివి ఇరవైనాలుగైతే ఒక మూర.) ఈ భేదం తెలియని ఏడేండ్ల బాలుడొకడు ఈ కథ విని, స్కేలు తెచ్చి రెండంగుళాలు కొలిచి చూచి, “ఇంతేనా! నేనైతే కడుపు లోపలికి పీల్చుకుంటా” అన్నాడు. వ్యాఖ్యాతలు భగవంతుని కృప అని విస్తరించి చెప్పినదానిని వాడు ఒక్క మాటలో తేల్చినాడు. స్వామి చేసినదీ అదే కాబోలు!

మన భక్తకవులు కూడ దేవునితో ఈ చనువుననే మాటలాడినారు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) స్వామిని ఉయ్యాలలో వేసి జోలపాడినాడు. గోలకొండ చెరలో కంచెర్ల గోపన్న తాను చేయించిన నగలను పేరుపేరున లెక్కచెప్పి, రాముణ్ణి దులిపి, వెనువెంటనే క్షమాపణ చెప్పుకొన్నాడు. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రనాయకుని కాసుల పురుషోత్తమకవి శతకమంతట నిందాస్తుతితో సన్మానించినాడు. మనం వీరిని మహాభక్తులని పాఠ్యపుస్తకాలకు ఎక్కించి, అదే ధోరణిలో మాటలాడిన మన ఇంటి బిడ్డను చెంపలు వేసుకోమంటున్నాము.

దీనివలన వచ్చే నష్టం చిన్నదని నేననుకోను. ఒక ఇంట అయిదేండ్ల అమ్మాయి నిత్యపూజ చూస్తూ, “దేవుడికి రోజూ బెల్లం పెడతాం కదా నాన్నమ్మా, మరి పళ్ళెప్పుడు తోముకుంటాడు?” అని అడిగినది. వీపుమీద ఒక చరుపు పడినది. దేవుణ్ణి అట్లా అనరాదన్నారు. నిజానికి ఆ ప్రశ్నకు సమాధానం ఆ పూజలోనే ఉన్నది. నైవేద్యం అయిన తరువాత స్వామికి చేతులు కడుగుకోవడానికి, కాళ్ళు కడుగుకోవడానికి, నోటికి ఆచమనానికి వరుసగా నీళ్ళు సమర్పిస్తాము. ఆ పిమ్మట తాంబూలం. అతిథికి చేసే మర్యాదలన్నీ చేయాలని పెద్దలు ఏర్పరచిన క్రమమది. అమ్మాయి అడిగినది ఆ క్రమంలోని మర్మం. ఉద్ధరిణెతో మూడుమార్లు నీళ్ళు వదిలే పెద్దలకు అవి ఎందుకు వదులుతున్నారో తట్టలేదు. ఆ పిల్ల ఆ తరువాత దేవుని గదిలో ఏమీ అడగలేదని వాళ్ళ అమ్మ నాతో అన్నది. మంచిపిల్ల అయినదని ఇంటిల్లిపాదికీ సంతోషమట.

ఇటువంటి ‘మంచిపిల్లలు’ పద్దెనిమిదేండ్లు వచ్చి కళాశాలలో నా ఎదుట కూర్చుంటారు. పోతన పద్యానికి గణవిభజన తప్పులేకుండ చేస్తారు. అలంకారం పేరు చెబుతారు. “ఈ పద్యంలో నవ్వు ఎక్కడ వచ్చినది?” అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూచుకొంటారు. దేవుని పద్యంలో నవ్వా అని జంకుతారు. చిన్ననాడు వీపుమీద పడిన చరుపు ఎంతదూరం వస్తుందో ఈ ముప్పై ఏండ్ల ఉద్యోగంలో చూచినాను.

వేరొక ఇంట సత్యనారాయణ వ్రతం. నాలుగవ అధ్యాయంలో స్వామి దండి వేషంతో వచ్చి నావలో ఏమున్నదని వర్తకుని అడుగుతాడు. ఆకులు, అలములు అని వాడు బొంకుతాడు. వెంటనే ఆ ఇంటి మనుమడు లేచి, “తాతయ్యా, పేరేమో సత్యనారాయణుడు, మారువేషం వేసుకొని రావడం అబద్ధం కాదా?” అన్నాడు. సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైనది. అన్నవరం రత్నగిరిమీద వందల వ్రతాలు చూచి వచ్చినవారు కూడ ఈ మాట విని ఎరుగరు. తాతగారు తొణకలేదు. “నువ్వు మీసాలు అంటించుకొని వచ్చి తలుపు తట్టితే నేనేమనుకుంటానురా?” అన్నారు. “నేనేనని కనిపెట్టేస్తావు.” “మరి షావుకారు ఎందుకు కనిపెట్టలేదు?” బాలుడు తల గోక్కొని, “తాతయ్యంత తెలివి లేదు కాబోలు” అన్నాడు. పురోహితులవారు ముందుగా నవ్వినారు. అధ్యాయం చివర కొట్టవలసిన కొబ్బరికాయ ఆలస్యమైనది.

తాతగారి సమాధానం తర్కానికి పూర్తిగా నిలుస్తుందని నేననను. ప్రశ్న ఇంకా బ్రతికే ఉన్నది. అదే నాకు నచ్చినది. ఆ బాలుడు ఏ పదిహేనవ ఏటనో దానిని మళ్ళీ తీస్తాడు.

ఈ చనువు ఒక మతంవారి సొత్తని ఎవరూ భ్రమపడరాదు. క్రిస్మస్ నాటి రాత్రి మన పల్లెల ప్రార్థనామందిరాలలో తువ్వాలు తలకు చుట్టుకొన్న గొల్లలు పరలోకదూత మాట వినకుండానే నిద్రలోకి జారడం, జ్ఞానులలో ఒకడు కానుకపెట్టె ఇంటనే మరచి రావడం చూచి సంఘమంతా నవ్వుకొంటుంది, ఫాదరీగారితో సహా. ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసిన జాషువ కలమే ‘శిశువు’ ఖండికనూ వ్రాసినది.

సంక్రాంతి బొమ్మల కొలువులో ఒక చిన్నది సీతారామలక్ష్మణుల ప్రక్కన తన లారీబొమ్మను నిలిపినది. ఎందుకే అంటే, “అడవి దూరం కదా” అన్నది. పేరంటాండ్రు ఆ లారీని తీయనీయలేదు.

హద్దులు లేవని నా అభిప్రాయం కాదు. చవితి పందిళ్ళలో మైకులు పెట్టి చిల్లర పాటలు మ్రోగించడం, దేవతల వేషాలు కట్టి వెకిలి చేష్టలు చేయడం పెద్దల పని. పసివారి పద్దులో దానిని వ్రాయరాదు. పిల్లవాడు దేవుణ్ణి ఇంటి మనిషిగా ఎంచి నవ్వుతాడు. పందిటివాడు బజారు మనిషిగా ఎంచి నవ్విస్తాడు.

గత చవితికి మా వీధిలోని ఒక ఇంట మట్టి వినాయకుని మూడవనాడు కాలువలో కలిపి వచ్చినారు. నాలుగైదు రోజులకు ఇల్లు దులుపుతూంటే తులసికోట వెనుక స్వామివారి మట్టి ఎలుక దొరికినది. ఆరేండ్ల మనుమడు దాచినాడట. స్వామికి ఈత వచ్చునేమోగాని ఎలుకకు రాదని వాని వాదం. వాహనం లేకుండ ఆయన కైలాసం ఎట్లా పోయినాడురా అని తండ్రి అడిగితే, “గజముఖుడు కదా, నడుస్తాడు” అన్నాడు. ఉద్వాసన చెప్పిన తరువాత మిగిలిన దానిని ఉంచవచ్చునా, ఉంచరాదా అని ఇంట చర్చ జరిగినది. నాన్నమ్మ ఏమీ అనలేదు. ఎలుకను తీసుకొనిపోయి పీట చివర పెట్టినది. మరునాటినుండి నైవేద్యపు పళ్ళెంలో ఒక చిన్న బెల్లంముక్క అదనంగా కనబడుతున్నది.