దేహదుర్గమునందలి వేగులవారు

మానవదేహము దుర్గము వంటిది. దుర్గమునకు గోడలును సైన్యమును ఉన్నంతమాత్రమున చాలదు. శత్రువు ఏ దిక్కునుండి ఏ వేషమున వచ్చెనో కనిపెట్టి సైన్యమునకు తెలుపు వేగులవారును కావలయును. మన శరీరమున నీ పని చేయునవి డెండ్రైటిక్ కణములు. చెట్టుకొమ్మలవలె శాఖలు చాచియుండుటచే వీనికీ పేరు కలిగెను.

1868వ సంవత్సరమున పౌల్ లాంగర్‌హాన్సు అను జర్మను వైద్యవిద్యార్థి చర్మమునందు ఇట్టి శాఖలుగల కణములను చూచి, అవి నాడులకు సంబంధించినవని తలంచెను. 1973లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయమున రాల్ఫ్ స్టెయిన్‌మన్, జాన్విల్ కోన్ అనువారు చిట్టెలుక ప్లీహమునందు డెండ్రైటిక్ కణములను కనుగొని పేరిడిరి.

ఇక టీకా సంగతి. కొన్ని టీకాలలో, మనలో వృద్ధిపొందు శక్తి తీసివేయబడిన యొక వైరసు బండివలె ఉపయోగపడును. రోగము కలిగించు వేరొక వైరసు యొక్క జన్యువు నొకదానిని అందు చేర్చెదరు. 2021 జనవరి 16వ తేదీన మన దేశమున ఆరంభమైన కోవిడు టీకా కార్యక్రమమునందు వాడబడిన కోవిషీల్డు ఇట్టిదే. దానికి బండి, చింపాంజీలకు సోకు ఎడినోవైరసు. మనుష్యుల ఎడినోవైరసు నేల వాడరాదు? అనేకుల రక్తమున దానికి ప్రతిరక్షకములు ముందే యుండుటచే, సరుకు దింపకమునుపే బండి నాశనము కావచ్చును.

వేగులవారందరును ఒక్క తీరువారు కారు. ప్లాస్మాసైటాయిడ్ అను తెగ వైరసు జాడ తెలియగానే ఇంటర్ఫెరాన్ అను ద్రవ్యమును విడిచి నగారా మ్రోగించును. తక్కినవారిలో మొదటి తెగ, వైరసు సోకిన కణముల తునకలను మ్రింగి, రోగగ్రస్త కణములను చంపు టీ-కణములకు ఆనవాలు చూపును. రెండవ తెగ సహాయక టీ-కణములను మేల్కొల్పును. వాని ప్రోత్సాహముచే బీ-కణములు ప్రతిరక్షకములను చేయును. ఏ తెగ ఎంత మేల్కొనునో, దానిని బట్టియే మనకు కలుగు రక్షణ యుండును. నగారా మితిమీరినను కీడే. బండి తెచ్చిన జన్యువు పని ముగియకయే అణగిపోవచ్చును.

టీకా వేయించుకొన్న మరునాడు కొందరికి జ్వరము తగులును. చంకలో బిళ్ళ కట్టును. ఆ బిళ్ళయే వేగులవారు వార్త చేర్చు లింఫు గ్రంథి. అది చూచి పామరులు టీకా విషమని బెదరుదురు. సాధారణముగా నది రెండుమూడు దినములలో తగ్గు నొప్పి. సైన్యము మేల్కొన్నదనుటకు గురుతు. జ్వరము రానివారికి టీకా పనిచేయలేదనుకొనుటయు పొరపాటే.

స్టెయిన్‌మన్ మాటను తోటి శాస్త్రజ్ఞులు పెక్కేండ్లు సందేహించిరి. ఆయన విసుగక పరిశోధించెను. తనకు క్లోమమునందు పుట్టు వచ్చినప్పుడు ఈ కణములతోడనే చికిత్స చేయించుకొని చూచెను. 2011లో నోబెలు బహుమానము ఆయనకు ప్రకటింపబడుటకు మూడు దినములు ముందే మరణించెను. విద్యార్థులారా! మెప్పు రాకున్నను సత్యమును విడువనివాని శ్రమ లోకమునకు ఉపకరించుననుటకు ఇంతకంటె నిదర్శనము కావలయునా?