తాగుడు మానాలనుకుంటే మన ఊళ్ళో తలుపు ఎక్కడుంది?

అల్ఫారెట్టాలో శనివారం పార్టీ అంటే బేస్‌మెంట్‌లో మందు గ్లాసులు, వంటింట్లో బిర్యానీ కబుర్లు. అక్కడ గ్లాసు పట్టిన ప్రతివాళ్ళకీ జబ్బు ఉందని నేననను. కానీ శనివారం తాగుడు సోమవారానికి, రెండు గ్లాసులు ఒక సీసాకి చేరినవాళ్ళు మన మధ్య ఉన్నారు. మా ఇంట్లోనూ ఒకరున్నారు. ఎవరో రాయను, ఆ గుట్టు వాళ్ళది. వాళ్ళకోసం వెతుకుతూ నేను తెలుసుకున్నది మరో ఇంటికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు డాక్టరు

దేవుడి పటం ముందు ఒట్టు వేయించి, ఆ రోజు నుంచే మాన్పించడం మనవాళ్ళ పద్ధతి. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళ విషయంలో ఇది ప్రమాదం. మద్యం మెదడును మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. చేతులు వణకడం, చెమటలతో మొదలై, కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత మతి తప్పి, ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మానే రోజు డాక్టరు సలహాతోనే పెట్టుకోవాలి. తాగాలనే కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటి మందుల గురించీ అడగండి. అమెరికాలో మద్యం అలవాటుకు దాన్ని 1994లోనే అనుమతించారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 1-800-662-4357కి ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది.

మీటింగు వెతకడం

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో ఒహాయోలోని ఆక్రన్‌లో మొదలైంది. బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జన్, ఇద్దరూ తాగుడుతో నలిగినవాళ్ళే, ఒకరికొకరు తోడు నిలిచి మొదలుపెట్టారు. వాళ్ళ 'మీటింగ్ గైడ్' యాప్‌లో ఊరి పేరు కొడితే దగ్గర్లోని మీటింగులు రోజు, టైముతో సహా వస్తాయి. ఇంట్లోంచే చేరే ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. 'ఓపెన్' అని ఉంటే ఎవరైనా వెళ్ళవచ్చు. 'క్లోజ్డ్' అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళకు మాత్రమే. ఆడవాళ్ళకు విడిగా కూడా జరుగుతాయి. తాగుడు మగవాళ్ళ సమస్యే అనుకోకండి.

ఫీజు లేదు. బుట్ట తిరుగుతుంది, ఇష్టమైతే డాలరో రెండో వేయవచ్చు. చాలా మీటింగులు చర్చి గదుల్లో జరుగుతాయి కానీ అవి చర్చివి కావు. దేవుడి మాట వస్తుంది. ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్ళు తలచుకోవచ్చు. మా ఇంటి మనిషి ఏడుకొండలవాణ్ణి తలచుకున్నారు. ఆ మాటే వద్దనుకునేవాళ్ళకు స్మార్ట్ రికవరీ ఉంది. అది మనస్తత్వ శాస్త్ర పద్ధతుల మీద నడుస్తుంది.

నేను తోడు వెళ్ళిన ఓపెన్ మీటింగులో కాఫీ, మడత కుర్చీలు, గంట సేపు మాటలు. ఉద్యోగం, జీతం, వీసా ఎవరూ అడగలేదు. మాట్లాడకుండా వింటూ కూర్చున్నా ఏమీ అనలేదు. చివర్లో మొదటి 24 గంటల చిప్ ఎవరికైనా కావాలా అని అడిగారు. మా ఇంటి మనిషి మూడో వారానికి లేచి వెళ్ళి తీసుకున్నారు.

మనకూ ఒక గది

ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. బిల్ భార్య లోయిస్ మరొకావిడతో కలిసి 1951లో మొదలుపెట్టారు. సీసాలు సింకులో ఒంపడం, ఆఫీసుకు జ్వరమని ఫోన్ చేయడం, అత్తగారికి అంతా బాగుందని చెప్పడం మన తెలుగిళ్ళ కష్టాలే అనుకుంటాం. ఆ గదిలో అన్ని దేశాల ఆడవాళ్ళూ అవే చెప్పారు. ఈ జబ్బు మనం తెచ్చింది కాదు, మన కాపలాతో పోయేదీ కాదు అని అక్కడ విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

వీసా భయం

"ఎవరికైనా తెలిస్తే?" అని చాలామంది ఆగిపోతారు. ఈ మీటింగుల్లో హాజరు పట్టీ ఉండదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. వీసాకు ముప్పు తెచ్చేది తాగి కారు నడపడం. జార్జియాలో రక్తంలో మద్యం 0.08 శాతం ఉంటే నేరం. కోర్టులో నేరం రుజువు కాకముందే, అరెస్టు ఆధారంగానే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు.

మా ఇంటి మనిషి మధ్యలో ఒకసారి జారారు. మర్నాడు అదే గదికి వెళ్ళి మళ్ళీ మొదటి చిప్ తీసుకున్నారు, ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు ఏడో నెల.

మీ ఇంట్లో ఈ బాధ లేకపోయినా ఒక్క పని చేయండి. మీ పార్టీలో ఎవరైనా "నాకు వద్దండీ" అంటే ఎందుకని అడగకండి, "ఒక్కటే కదా" అని బలవంతపెట్టకండి. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, మరో కబురు ఎత్తుకోండి.